నేటివ్ డీఎల్ఎల్‌ని డాట్‌నెట్ అసెంబ్లీలోనే పెట్టి పంపడం ఎలా?

మీరు సీ షార్ప్‌లో ఒక ప్రోగ్రామ్ రాశారు. అందులో బరువైన పని చేసేది మాత్రం సీలోనో, సీ ప్లస్ ప్లస్‌లోనో, రస్ట్‌లోనో తయారైన ఒక నేటివ్ లైబ్రరీ, అంటే ప్రాసెసర్ నేరుగా నడిపే కోడ్ ఉన్న ఫైల్. వాడేవాళ్లకి రెండు ఫైళ్లు ఇచ్చి "రెండూ ఒకే ఫోల్డర్‌లో ఉంచండి" అని చెబుతారు. ఎవరో ఒకరు ఈఎక్స్ఈని మాత్రమే డెస్క్‌టాప్ మీదకి లాక్కుంటారు, మొదటి క్లిక్‌కే డీఎల్ఎల్ దొరకలేదని ఎక్సెప్షన్ వస్తుంది. అందుకే ఆ నేటివ్ ఫైల్‌ని కూడా అసెంబ్లీ (డాట్‌నెట్ బిల్డ్ ఇచ్చే ఈఎక్స్ఈ లేదా డీఎల్ఎల్) కడుపులోనే పెట్టేస్తే బాగుండు అనిపిస్తుంది. పెట్టొచ్చు. పద్ధతిగా పెడితే ఏళ్ల తరబడి నిశ్చింతగా నడుస్తుంది కూడా.

కోడ్ మొదలుపెట్టే ముందు ఒక్క విషయం మనసులో పెట్టుకోండి. మేనేజ్డ్ అసెంబ్లీని, అంటే డాట్‌నెట్ కోడ్ ఉన్నదాన్ని, డాట్‌నెట్ రన్‌టైమ్ మెమరీలోని బైట్ల నుంచి నేరుగా లోడ్ చేయగలదు. నేటివ్ లైబ్రరీని లోడ్ చేసేది రన్‌టైమ్ కాదు, ఆపరేటింగ్ సిస్టమ్ లోడర్. విండోస్‌లో లోడ్‌లైబ్రరీ, లినక్స్‌లోనూ మ్యాక్‌లోనూ డీఎల్‌ఓపెన్. ఈ రెండూ అడిగేది బైట్లు కాదు, ఫైల్ పాత్. కాబట్టి మీరు లోపల ఎంత భద్రంగా దాచినా, నడిచేటప్పుడు దాన్ని డిస్క్ మీద ఎక్కడో ఒకచోట పెట్టి ఆ పాత్ లోడర్‌కి ఇవ్వాల్సిందే. లినక్స్‌లో మెమరీలోనే ఉండే ఫైల్‌ని సృష్టించే సిస్టమ్ కాల్ ఒకటి 3.17 కెర్నల్ నుంచి ఉంది. విండోస్‌లో డీఎల్ఎల్‌ని మెమరీ నుంచే లోడ్ చేసే సొంత లోడర్లు కూడా కొందరు రాశారు. అయితే యాంటీవైరస్‌లు ఆ ప్రవర్తనని మాల్వేర్ గుర్తుగా చూస్తాయి, డీబగ్గర్లు తికమకపడతాయి. మామూలు అప్లికేషన్‌కి ఆ దారి వద్దు.

లోపల పెట్టడం పది నిమిషాల పని. ఎక్కడికి తీయాలి, ఏ పేరుతో తీయాలి, ఎప్పుడు లోడ్ చేయాలి అన్నవే అసలు పని. ఈ వ్యాసంలో ఎక్కువ భాగం వాటికే కేటాయిస్తున్నాను.

ముందు ఇది మీకు అవసరమో కాదో చూడండి

మీరు తయారుచేస్తున్నది ఇతర డెవలపర్లు వాడే నూగెట్ (డాట్‌నెట్ లైబ్రరీలు పంచుకునే వ్యవస్థ) ప్యాకేజీ అయితే ఎంబెడ్ చేయకండి, అంటే లోపల పెట్టకండి. ప్యాకేజీలో రన్‌టైమ్స్ అనే ఫోల్డర్, దాని కింద ప్లాట్‌ఫామ్ పేరుతో ఒక ఫోల్డర్, దాని కింద నేటివ్ అనే ఫోల్డర్ పెట్టి ఫైల్‌ని అందులో ఉంచితే చాలు. బిల్డ్ అయ్యేటప్పుడు ఆ సమాచారం డిపెండెన్సీల జాబితా ఉండే డెప్స్ జేసన్ ఫైల్‌లోకి చేరుతుంది, సరైన ఫైల్‌ని రన్‌టైమే వెతికి పట్టుకుంటుంది. స్కియాషార్ప్, ఎస్‌క్యూలైట్ ప్యాకేజీలు నడిచేది ఈ పద్ధతిలోనే. పక్కనే ఉన్న ఫైల్‌ని సిస్టమ్ అడ్మిన్ చూడగలడు, స్కాన్ చేయగలడు, కావాలంటే మార్చగలడు. ఇది చిన్న లాభం కాదు.

మీది సొంత అప్లికేషన్, డాట్‌నెట్ 5 లేదా ఆ తర్వాతిది, ఒకే ఈఎక్స్ఈ రావాలన్నదే మీ కోరిక అనుకుందాం. అప్పుడు కూడా చేత్తో ఏమీ రాయక్కర్లేదు. ప్రాజెక్ట్ ఫైల్‌లో పబ్లిష్‌సింగిల్‌ఫైల్‌ని ట్రూ చేయండి. దాంతోపాటు ఇన్‌క్లూడ్‌నేటివ్‌లైబ్రరీస్‌ఫర్‌సెల్ఫ్‌ఎక్స్‌ట్రాక్ట్ అనే ప్రాపర్టీని కూడా ట్రూ చేయండి. చాలామంది మొదటిది పెట్టి రెండోది మరిచిపోతారు. అప్పుడు మేనేజ్డ్ కోడ్ అంతా ఒక ఫైల్‌లోకి వెళ్తుంది గానీ నేటివ్ ఫైళ్లు పక్కనే మిగిలిపోతాయి. రెండూ పెడితే ప్రోగ్రామ్ మొదలైనప్పుడు నేటివ్ ఫైళ్లు ఒక ఫోల్డర్‌లోకి తెరుచుకుంటాయి. విండోస్‌లో అది టెంప్ కింద, లినక్స్‌లో యూజర్ హోమ్ కింద, డాట్ నెట్ అనే పేరుతో ఉంటుంది. ఇంకోచోటికి మార్చాలంటే దానికి ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్ ఉంది. ఒక్క జాగ్రత్త: సింగిల్ ఫైల్‌లో అసెంబ్లీ లొకేషన్ ఖాళీ స్ట్రింగ్‌గా వస్తుంది. పాత కోడ్‌లో దాని మీద ఆధారపడి పాత్‌లు కడుతూ ఉంటే వాటిని యాప్‌కాంటెక్స్ట్ బేస్‌డైరెక్టరీకి మార్చండి.

ఇక మిగిలినవాళ్లు: డాట్‌నెట్ ఫ్రేమ్‌వర్క్ మీద ఉన్నవాళ్లు, పెద్ద సాఫ్ట్‌వేర్‌కి ఒకే డీఎల్ఎల్ ప్లగిన్‌గా ఇవ్వాల్సినవాళ్లు, ఒకటే అసెంబ్లీని కాపీ చేసుకునే స్క్రిప్టులకి లైబ్రరీ రాసేవాళ్లు. కింద చెప్పే దారి మీకోసమే. డాట్‌నెట్ ఫ్రేమ్‌వర్క్‌లో కోస్ట్యూరా అనే యాడిన్ (బిల్డ్ అయిన అసెంబ్లీని మార్చే ఫోడీ టూల్‌కి చెందినది) ఇందులో చాలా భాగం ఆటోమేటిక్‌గా చేసిపెడుతుంది. అది వాడినా సరే లోపల ఏం జరుగుతోందో తెలిసి ఉండాలి. ఏదైనా ఆగిపోయిన రోజున తెలియకపోతే చాలా టెన్షన్.

నేటివ్ ఫైల్‌ని సిద్ధం చేయడం

మీ లైబ్రరీ పేరు మైకోర్ అనుకుందాం. దాన్ని చేర్చే ముందు, అది ఇంకా వేటి మీద ఆధారపడుతోందో చూడండి. విండోస్‌లో డంప్‌బిన్‌ని డిపెండెంట్స్ ఆప్షన్‌తో, లినక్స్‌లో ఎల్‌డీడీ, మ్యాక్‌లో ఓటూల్‌ని పెద్ద ఎల్ ఆప్షన్‌తో నడిపితే జాబితా వస్తుంది. విండోస్‌లో ఆ జాబితాలో విజువల్ సీ ప్లస్ ప్లస్ రన్‌టైమ్ కనిపిస్తే ఆగండి. మీ మెషీన్‌లో విజువల్ స్టూడియో ఉంది కాబట్టి అది ఉంది, వాడేవాళ్ల దగ్గర ఉంటుందన్న నమ్మకం లేదు. సోర్స్ మీ చేతిలో ఉంటే ఎమ్‌టీ ఆప్షన్‌తో స్టాటిక్‌గా లింక్ చేసి మళ్లీ బిల్డ్ చేయండి. ఒక ఫైల్‌ని లోపల పెట్టడానికీ, ఒకదాన్నొకటి పట్టుకుని వేలాడే నాలుగు ఫైళ్లని పెట్టడానికీ కష్టంలో చాలా తేడా ఉంది.

లినక్స్‌లో ఇంకో చిక్కు ఉంది. కొత్త డిస్ట్రిబ్యూషన్‌లో బిల్డ్ చేసిన ఫైల్ పాత జీలిబ్‌సీ (లినక్స్‌లో సీ ప్రామాణిక లైబ్రరీ) ఉన్న సిస్టమ్‌లో లోడ్ కాకపోవచ్చు, కాబట్టి మీరు సపోర్ట్ చేయదలచిన వాటిలో అన్నిటికంటే పాతదాని మీద బిల్డ్ చేయండి. ఆల్పైన్ అనే డిస్ట్రిబ్యూషన్‌లో ఉండేది జీలిబ్‌సీ కాదు, మజిల్. దానికి వేరే బిల్డ్ కావాలి.

డిజిటల్ సంతకం చేసేది ఉంటే ఎంబెడ్ చేయకముందే నేటివ్ ఫైల్‌కి చేయండి. సంతకం ఆ ఫైల్ బైట్లలోనే ఉంటుంది కాబట్టి లోపల పెట్టి బయటికి తీసినా చెక్కుచెదరదు. బయటి అసెంబ్లీకి సంతకం చేశాం కదా, లోపలిదానికీ అదే సరిపోతుందిలే అనుకోవద్దు. డిస్క్ మీదకి వచ్చాక అది వేరే ఫైల్. యాపిల్ సిలికాన్ మ్యాక్‌లలో అసలు సంతకం లేని నేటివ్ కోడ్ నడవదు. నోటరైజ్ చేసిన (యాపిల్ తనిఖీకి పంపి ఆమోదం పొందిన) యాప్ అయితే ఆ లైబ్రరీ మీద కూడా అదే టీమ్ సంతకం ఉండాలి, లేదంటే లైబ్రరీ వాలిడేషన్‌ని ఆపే ఎంటైటిల్‌మెంట్ (యాప్‌కి ఇచ్చే ప్రత్యేక అనుమతి) పెట్టుకోవాలి.

లైసెన్స్ కూడా ఈ దశలోనే చూసుకోండి. ఎల్‌జీపీఎల్ అనే ఓపెన్ సోర్స్ లైసెన్స్ కింద ఉన్న లైబ్రరీని వాడేవాళ్లు తమ సొంత వెర్షన్‌తో మార్చుకునే వీలుండాలి. అసెంబ్లీ లోపల బంధించేస్తే ఆ వీలు పోతుంది. అలాంటివాటిని పక్కన విడి ఫైల్‌గా ఉంచడమే మంచిది.

రిసోర్స్‌గా చేర్చడం

ప్రాజెక్ట్‌లో ఒక ఫోల్డర్ పెట్టి, దాని కింద ప్లాట్‌ఫామ్‌కి ఒకటి చొప్పున విన్-ఎక్స్64, విన్-ఎక్స్86, లినక్స్-ఎక్స్64, ఓఎస్ఎక్స్-ఆర్మ్64 లాంటి సబ్‌ఫోల్డర్లు చేయండి. ఫైళ్లని వాటిలో ఉంచి, ప్రాజెక్ట్ ఫైల్‌లో ఎంబెడెడ్‌రిసోర్స్‌గా ప్రకటించండి.

ఇక్కడ దాదాపు అందరూ ఒకసారి తట్టుకుని పడే రాయి ఒకటుంది. రిసోర్స్‌కి మీరు పేరు పెట్టకపోతే బిల్డ్ సిస్టమే పెడుతుంది. రూట్ నేమ్‌స్పేస్, ఫోల్డర్ల పేర్లు, ఫైల్ పేరు, వీటి మధ్య చుక్కలు. ఫోల్డర్ పేరులో హైఫన్ ఉంటే అది అండర్‌స్కోర్ అయిపోతుంది. మీరు విన్-ఎక్స్64 అని వెతుకుతారు, లోపల ఉన్నది విన్_ఎక్స్64. గెట్‌మానిఫెస్ట్‌రిసోర్స్‌స్ట్రీమ్ ఎక్సెప్షన్ ఇవ్వదు, చప్పుడు చేయకుండా నల్ ఇస్తుంది. ఆ నల్ ఇంకెక్కడో పేలుతుంది. అందుకని ప్రతి రిసోర్స్‌కీ లాజికల్‌నేమ్ మీరే ఇవ్వండి. అప్పుడు మీరు రాసిందే పేరు. నల్ వస్తే అక్కడికక్కడే ఆపి, గెట్‌మానిఫెస్ట్‌రిసోర్స్‌నేమ్స్ ఇచ్చే జాబితా మొత్తాన్ని ఎర్రర్ మెసేజ్‌లో చూపించండి. తప్పు ఎక్కడుందో చూడగానే తెలిసిపోతుంది.

నాలుగైదు ప్లాట్‌ఫామ్‌ల ఫైళ్లు చేరిస్తే అసెంబ్లీ బాగా లావెక్కుతుంది. చేర్చే ముందు జీజిప్ చేసి, తీసేటప్పుడు జీజిప్‌స్ట్రీమ్ గుండా చదివితే కొంత తగ్గుతుంది. మీ అసెంబ్లీ విండోస్ కోసమే అయితే మిగతావి చేర్చనే చేర్చకండి.

ఏ ఫైల్ తీయాలి?

ఆపరేటింగ్ సిస్టమ్ ఏదో, ప్రాసెస్ ఆర్కిటెక్చర్ ఏదో చూసి ఎంచుకోవాలి. రన్‌టైమ్‌ఇన్ఫర్మేషన్ క్లాస్‌లో ఓఎస్‌ఆర్కిటెక్చర్, ప్రాసెస్‌ఆర్కిటెక్చర్ అని రెండు ప్రాపర్టీలు ఉన్నాయి. మీకు కావాల్సింది రెండోదే. 64 బిట్ విండోస్‌లో 32 బిట్ ప్రాసెస్ నడవొచ్చు. ఆర్మ్ మెషీన్‌లో ఎక్స్64 ప్రాసెస్ ఎమ్యులేషన్ మీద నడవొచ్చు. నేటివ్ లైబ్రరీ ప్రాసెస్‌తో సరిపోలాలి గానీ మెషీన్‌తో కాదు. ఎనీసీపీయూగా బిల్డ్ చేసి, ప్రిఫర్ 32 బిట్ టిక్ అలాగే వదిలేసిన డాట్‌నెట్ ఫ్రేమ్‌వర్క్ ప్రాజెక్టుల్లో ఈ గందరగోళం ఎక్కువగా కనిపిస్తుంది.

డిస్క్ మీదకి తీయడం

ఈ అడుగు దగ్గర తొందరపడకండి. ఫైల్‌ని టెంప్ ఫోల్డర్‌లో మైకోర్ డాట్ డీఎల్ఎల్ అని రాసేసి లోడ్ చేస్తే మీ మెషీన్‌లో పనిచేస్తుంది. బయట ఎన్ని రకాలుగా చెడిపోతుందో ఒక్కొక్కటిగా చూద్దాం.

మొదటిది, వెర్షన్ల గొడవ. లోడ్ అయి ఉన్న డీఎల్ఎల్‌ని విండోస్ లాక్ చేస్తుంది. మీ ప్రోగ్రామ్ పాత వెర్షన్ ఒక విండోలో తెరిచి ఉండగా కొత్త వెర్షన్ మొదలైతే, అదే పేరుతో కొత్త ఫైల్ రాయడం కుదరదు. లినక్స్‌లో లాక్ లేదు, అందుకే అక్కడ ఇంకా ప్రమాదం. నడుస్తున్న ప్రాసెస్ మెమరీలోకి మ్యాప్ అయి ఉన్న ఫైల్‌ని అక్కడికక్కడే తిరగరాస్తే ఆ పాత ప్రాసెస్ కుప్పకూలవచ్చు. దీనికి మందు: ఫైల్ బైట్ల ఎస్‌హెచ్ఏ-256 హ్యాష్ (ఫైల్‌కి వేలిముద్ర లాంటి విలువ) లెక్కగట్టి, ఆ హ్యాష్ పేరుతో ఫోల్డర్ చేసి, ఫైల్‌ని అందులో పెట్టడం. వెర్షన్ మారితే బైట్లు మారతాయి, ఫోల్డర్ మారుతుంది, ఒకదాని జోలికి ఒకటి పోదు. హ్యాష్‌ని ఫోల్డర్ పేరులోనే పెట్టండి, ఫైల్ పేరులో వద్దు. ఫైల్ పేరు మైకోర్‌గానే ఉండటం తర్వాతి అడుగులో పనికొస్తుంది.

రెండోది, ఇద్దరు ఒకేసారి రావడం. వాడే మనిషి ప్రోగ్రామ్‌ని గబగబా రెండుసార్లు తెరిస్తే రెండు ప్రాసెస్‌లు మొదలవుతాయి. మొదటిది ఫైల్ సగం రాస్తూ ఉంటుంది. రెండోది "ఫైల్ ఉంది కదా" అనుకుని ఆ సగం ఫైల్‌నే లోడ్ చేయబోతుంది. పదిసార్లలో తొమ్మిదిసార్లు ఏమీ కాదు, అందుకే ఈ బగ్‌ని పట్టుకోవడం అంత కష్టం. కాబట్టి నేరుగా అసలు పేరుతో ఎప్పుడూ రాయకండి. అదే ఫోల్డర్‌లో ఒక జీయూఐడీ (ఇంకెక్కడా రాని గుర్తు) పేరుతో పూర్తిగా రాసి, స్ట్రీమ్ మూసి, ఆ తర్వాత ఫైల్ డాట్ మూవ్‌తో అసలు పేరుకి మార్చండి. ఒకే ఫోల్డర్ కాబట్టి అది పేరు మార్చడం మాత్రమే, సగం ఫైల్ ఎవరికీ కనిపించదు. అప్పటికే ఆ పేరుతో ఫైల్ ఉందని ఐఓఎక్సెప్షన్ వస్తే ఇంకో ప్రాసెస్ ముందే చేసేసిందన్నమాట. మీ కాపీ చెరిపేసి, ఉన్నదాన్ని వాడుకోండి.

మూడోది భద్రత, మిగతా వాటన్నిటికంటే ముఖ్యమైనది. ఫైల్ ఉందా లేదా అని మాత్రమే చూసి లోడ్ చేస్తే, ఆ చోట ఇంకెవరో ముందుగానే తమ డీఎల్ఎల్ పెట్టి ఉంచొచ్చు. దాన్ని మీ ప్రోగ్రామ్ తన అధికారాలన్నిటితో నడిపిస్తుంది. అందుకని ఉన్న ఫైల్‌ని కూడా మళ్లీ చదివి, హ్యాష్ సరిపోలితేనే లోడ్ చేయండి. కొన్ని మెగాబైట్ల ఫైల్‌కి దీనికి పట్టే సమయం ఎవరికీ తెలియను కూడా తెలియదు. అయితే హ్యాష్ చూశాక, లోడ్ చేసే లోపు ఫైల్ మార్చేసే వీలు ఇంకా ఉంటుంది. కాబట్టి అసలైన రక్షణ ఫోల్డర్ ఎంపికలోనే ఉంది: అందరూ రాయగలిగే టెంప్ కాకుండా, ఆ యూజర్‌కి మాత్రమే చెందిన లోకల్‌అప్లికేషన్‌డేటా వాడండి. లినక్స్‌లో ఫోల్డర్‌ని యజమానికి మాత్రమే పర్మిషన్లు ఉండేలా, అంటే 700తో, సృష్టించండి. డాట్‌నెట్ 7 నుంచి క్రియేట్‌డైరెక్టరీకే ఆ మోడ్ ఇవ్వొచ్చు. ప్రోగ్రామ్ అడ్మినిస్ట్రేటర్ హక్కులతో నడిచేదైతే, మామూలు యూజర్ రాయగలిగే ఏ ఫోల్డర్ నుంచీ నేటివ్ కోడ్ లోడ్ చేయకూడదు. అలాంటి ప్రోగ్రామ్‌కి ఈ ఎంబెడ్ పద్ధతి మానేసి, ఇన్‌స్టాలర్ ద్వారా ప్రోగ్రామ్ ఫైల్స్‌లో పెట్టడం మేలు.

నాలుగోది, రాయడమే కుదరని చోట్లు. కొన్ని సర్వర్లలో టెంప్‌ని నోఎగ్జెక్ అని మౌంట్ చేస్తారు. అక్కడ ఫైల్ రాయగలరు గానీ లోడ్ చేయలేరు. కంటైనర్లలో ఫైల్‌సిస్టమ్ మొత్తం రీడ్ ఓన్లీ కావచ్చు. సర్వీస్ అకౌంట్‌కి హోమ్ ఫోల్డరే ఉండకపోవచ్చు, అప్పుడు లోకల్‌అప్లికేషన్‌డేటా ఖాళీగా వస్తుంది. కొన్ని సంస్థల విండోస్ మెషీన్లలో యాప్‌లాకర్ నియమాలు యూజర్ ఫోల్డర్ల నుంచి డీఎల్ఎల్‌లని అడ్డుకుంటాయి. ఇవన్నీ మీరు ముందుగా ఊహించలేరు. కాబట్టి ఎక్కడికి తీయాలో చెప్పే ఒక ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌ని మీ ప్రోగ్రామ్‌లో చదవండి, దాని పేరు డాక్యుమెంటేషన్‌లో రాయండి. సిస్టమ్ చూసుకునేవాళ్లకి ఒక దారి దొరుకుతుంది.

లోడ్ చేయడం

డాట్‌నెట్ కోర్ 3.0తో నేటివ్‌లైబ్రరీ అనే క్లాస్ వచ్చింది. అందులోని సెట్‌డీఎల్ఎల్‌ఇంపోర్ట్‌రిసాల్వర్‌కి మీ అసెంబ్లీనీ, ఒక ఫంక్షన్‌నీ ఇస్తారు. ఆ అసెంబ్లీలో డీఎల్ఎల్‌ఇంపోర్ట్ (నేటివ్ ఫంక్షన్‌ని సీ షార్ప్ నుంచి పిలవడానికి పెట్టే యాట్రిబ్యూట్) ఉన్న మెథడ్‌ని మొదటిసారి పిలిచినప్పుడు రన్‌టైమ్ ముందు మీ ఫంక్షన్‌ని అడుగుతుంది. వచ్చిన పేరు మైకోర్ అయితే మీరు తీసిన ఫైల్ పూర్తి పాత్‌తో నేటివ్‌లైబ్రరీ డాట్ లోడ్ పిలిచి హ్యాండిల్ ఇవ్వండి. వేరే పేరైతే సున్నా ఇవ్వండి, రన్‌టైమ్ తన మామూలు వెతుకులాట చేసుకుంటుంది. డాట్‌నెట్ 7లో వచ్చిన లైబ్రరీఇంపోర్ట్‌తో కూడా ఇదే పనిచేస్తుంది.

దీన్ని ఎప్పుడు నమోదు చేయాలి? మొదటి నేటివ్ కాల్ కంటే ముందు. అప్లికేషన్‌లో మెయిన్ మొదట్లో పెట్టేయొచ్చు. లైబ్రరీకి మెయిన్ ఉండదు కాబట్టి డీఎల్ఎల్‌ఇంపోర్ట్‌లు ఉన్న క్లాస్ స్టాటిక్ కన్‌స్ట్రక్టర్‌లో పెట్టండి, లేదా సీ షార్ప్ 9 నుంచి ఉన్న మాడ్యూల్‌ఇనిషియలైజర్ యాట్రిబ్యూట్ వాడండి. ఒక అసెంబ్లీకి ఒక్కసారే నమోదు చేయగలరు. రెండోసారి చేస్తే ఇన్‌వాలిడ్‌ఆపరేషన్‌ఎక్సెప్షన్ వస్తుంది.

డాట్‌నెట్ ఫ్రేమ్‌వర్క్‌లో ఈ క్లాస్ లేదు. అక్కడ కెర్నల్32లోని లోడ్‌లైబ్రరీని మీరే డీఎల్ఎల్‌ఇంపోర్ట్ చేసుకుని, పూర్తి పాత్‌తో ముందే లోడ్ చేయండి. ఆ తర్వాత మైకోర్ అని పేరు మాత్రమే ఉన్న డీఎల్ఎల్‌ఇంపోర్ట్ వచ్చినప్పుడు, ఆ పేరుతో ఇప్పటికే ఒక మాడ్యూల్ ఉంది కదా అని విండోస్ దాన్నే ఇస్తుంది. ఫైల్ పేరు మార్చొద్దని పైన చెప్పింది ఇందుకే.

మీ లైబ్రరీ ఇంకో నేటివ్ లైబ్రరీ మీద ఆధారపడితే రెంటినీ ఒకే ఫోల్డర్‌లోకి తీసి, ఆధారమైనదాన్ని ముందు లోడ్ చేయండి. లినక్స్‌లో బిల్డ్ చేసేటప్పుడే ఆర్‌పాత్ (లైబ్రరీల కోసం వెతికే చోట్ల జాబితా)లో డాలర్ ఆరిజిన్ అనీ, మ్యాక్‌లో లోడర్_పాత్ అనీ పెట్టుకుంటే లోడర్ తన పక్కనే వెతుక్కుంటుంది.

ఎర్రర్లు ఏం చెబుతున్నాయి?

బ్యాడ్‌ఇమేజ్‌ఫార్మాట్‌ఎక్సెప్షన్ వస్తే ఆర్కిటెక్చర్ తప్పు, లేదా ఫైల్ సగమే ఉంది. ఎంట్రీపాయింట్‌నాట్‌ఫౌండ్‌ఎక్సెప్షన్ అంటే లైబ్రరీ లోడ్ అయింది, ఆ ఫంక్షన్ పేరు అందులో లేదు. సీ ప్లస్ ప్లస్‌లో ఎక్స్‌టర్న్ సీ (ఫంక్షన్ పేరుని కంపైలర్ మార్చకుండా ఆపేది) మరిచిపోయారేమో చూడండి. బాగా తప్పుదారి పట్టించేది డీఎల్ఎల్‌నాట్‌ఫౌండ్‌ఎక్సెప్షన్. ఫైల్ కళ్లెదుట ఉన్నా దొరకలేదంటుంది. ఎందుకంటే దొరకనిది ఆ ఫైల్ కాకపోవచ్చు, అది కోరుకునే ఇంకో ఫైల్ కావచ్చు. విండోస్‌లో ప్రాసెస్ మానిటర్ నడిపితే లోడర్ ఏ పాత్‌లలో దేనికోసం వెతికిందో వరుసగా కనిపిస్తుంది. లినక్స్‌లో ఎల్‌డీ_డీబగ్ వేరియబుల్‌కి లిబ్స్ అనే విలువ ఇచ్చి ప్రోగ్రామ్ నడపండి, అదే సమాచారం తెర మీదకి వస్తుంది.

పరీక్ష

మీ డెవలప్‌మెంట్ మెషీన్ ఈ పరీక్షకి పనికిరాదు. బిన్ ఫోల్డర్‌లోనో, పాత్‌లోనో మైకోర్ కాపీ ఎక్కడో ఒకటి ఉండే ఉంటుంది, ఎంబెడ్ పనిచేయకపోయినా పనిచేసినట్టే కనిపిస్తుంది. డెవలపర్ టూల్స్ ఏవీ లేని కొత్త వర్చువల్ మెషీన్‌లో, అసెంబ్లీ ఒక్కటే కాపీ చేసి నడపండి. తర్వాత తీసిన ఫోల్డర్‌లోని ఫైల్‌లో ఒక బైట్ మార్చి మళ్లీ నడపండి, హ్యాష్ తేడాని మీ కోడ్ పట్టుకోవాలి. ఆ ఫోల్డర్ మొత్తం చెరిపేసి ఒకేసారి ఇరవై ప్రాసెస్‌లు మొదలుపెట్టండి, అన్నీ నడవాలి. చివరగా ఫోల్డర్‌ని ఖాళీ చేసి, దానికి రాసే పర్మిషన్ తీసేసి చూడండి. ప్రోగ్రామ్ ఎలాగూ ఆగిపోతుంది, కానీ ఏ పాత్‌లో రాయలేకపోయిందో, ఏ ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌తో దాన్ని మార్చుకోవచ్చో ఎర్రర్ మెసేజ్‌లో ఉండాలి.

పాత హ్యాష్ ఫోల్డర్లు అప్‌డేట్ అయినప్పుడల్లా ఒకటి చొప్పున పేరుకుంటాయి. ప్రోగ్రామ్ మొదలయ్యాక బ్యాక్‌గ్రౌండ్‌లో పాతవాటిని చెరిపే ప్రయత్నం చేయండి. లాక్ అయి ఉండి చెరగకపోతే వదిలేయండి, తర్వాతిసారి పోతాయి. అయితే లినక్స్‌లో, మ్యాక్‌లో లాక్ అడ్డురాదు కాబట్టి వేరే ప్రాసెస్ ఇప్పుడే తీసి ఇంకా లోడ్ చేయని ఫోల్డర్‌ని చెరిపేసే ప్రమాదం ఉంది. నెల రోజులకి పైగా ఎవరూ వాడని ఫోల్డర్లనే ముట్టుకోండి. ఎవరు ఎప్పుడు వాడారో తెలియడానికి, లోడ్ చేసిన ప్రతిసారీ ఆ ఫోల్డర్ చివరిసారి మారిన సమయాన్ని మీ కోడే కొత్తగా రాస్తే సరిపోతుంది.